ఎవరి కోసం పచ్చ లైటు

ప్రణీత ఆ నల్ల పెట్టెను తెచ్చి తండ్రి టిఫిన్ ప్లేటు పక్కన పెట్టింది.

సబ్బుపెట్టె కంటే పెద్దది కాదు. పైన ఒక ఎర్రటి స్విచ్చు, పక్కన వేలెడంత యాంటెన్నా. అడుగున ఇంకా టేపు ముక్కలు వేలాడుతున్నాయి.

ప్రతాప్ చూశాడు. దోసె తుంచుతున్న చెయ్యి మాత్రం ఆపలేదు. ముక్కను చట్నీలో అద్ది, నోట్లో పెట్టుకొని, నిదానంగా నమిలి మింగాకే మాట్లాడాడు.

“ఏడ దొరికింది?”

“నీ కారుల. స్టీరింగ్ కింద అతికిచ్చి ఉంది.”

“నా కారు నువ్వెందుకు ఎతికినవ్?”

“గది గాదు నాయినా ఇప్పుడు అడగాల్సింది.”

వంటింటి గుమ్మంలో ఇందిరమ్మ ఆగిపోయింది. భర్త కోసం తెచ్చిన రెండో దోసె ఆమె చేతిలోని అట్లకాడ మీదే ఉంది. దాన్ని ప్లేటులో వెయ్యనూ లేదు, వెనక్కి తీసుకుపోనూ లేదు.

“రెండో అంబులెన్సు రిపేరుకు షెడ్డుల ఉందని దాని పెట్టె ఇంటికి తెచ్చిపెట్టిన,” అంది ప్రణీత. “కనపడకపోతె కాలేజీల మర్సిపోయిన్నేమో అనుకున్న. ల్యాబంత ఎతికిన. నా స్టూడెంట్లను గూడ అనుమానించిన.”

“అడిగితె ఇస్తుంటివా?”

“ఇయ్యకపోతుంటి.”

“అందుకే అడగలె.” అదేమంత పెద్ద విషయం కానట్టు ప్రతాప్ నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

ఆ పెట్టె చేసే పని చిన్నదే. అంబులెన్సు చౌరస్తా దగ్గరికి వస్తుండగా డ్రైవరు స్విచ్చు వేస్తే, సిగ్నల్ స్తంభానికి బిగించిన ఇంకో పెట్టెకు ఆ సంగతి అందుతుంది. అంబులెన్సు వచ్చే దారికి పచ్చ లైటు పడుతుంది, తక్కిన దారులకు ఎర్రది. ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే ప్రణీత దాన్ని తన చేతులతో తయారుచేసింది. తూంకుంట చౌరస్తాలో పెట్టి చూడడానికి పోలీసుల అనుమతి తెచ్చింది మాత్రం ప్రతాపే. మొదలుపెట్టిన రోజు కూతురి భుజం మీద చెయ్యేసి ఫొటో దిగాడు. వచ్చే మున్సిపల్ ఎన్నికల కోసం వేయించిన ఫ్లెక్సీల మీద ఇప్పటికీ ఆ ఫొటోయే ఉంది.

పోయిన శుక్రవారం ఆ ఏర్పాటు పని చెయ్యలేదు. జవహర్‌నగర్ నుంచి పక్షవాతం మొదలైన సత్తమ్మ అనే ఆమెను తెస్తున్న అంబులెన్సుకు ఎర్ర లైటు ఎంతకీ మారలేదు. కరీంనగర్ రోడ్డు మీది లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చి చౌరస్తా నడుమ ఇరుక్కున్నాయి. మేడ్చల్ ఆసుపత్రికి చేరేసరికి సత్తమ్మకు కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది.

డ్రైవరు బాలేష్ స్విచ్చు వెయ్యడం మరిచాడని కొందరు అన్నారు. ఆ పెట్టె ఉత్త ఆటబొమ్మ అని కొందరు అన్నారు. నిన్న రాత్రిదాకా ప్రణీత కూడా తన వైరింగులోనే ఏదో తప్పుందని కుమిలిపోయింది.

“శుక్రవారం స్విచ్చు ఏసినవా నాయినా?”

ప్రతాప్ గ్లాసు ఎత్తి నీళ్లు తాగాడు.

“భూమిపూజకు పోయేటప్పుడు?”

“ఏసిన. ముహూర్తం దాటిపోతుండె. అటు దిక్కు అంబులెన్స్ ఉందని నేను కలగన్ననా?”

“మల్ల బంద్ చేసినవా?”

ఈసారి ప్రతాప్ తలెత్తాడు. “ఏంది?”

“స్విచ్చు. చౌరస్తా దాటినంక బంద్ చేసినవా?”

అతను ఆలోచించాడు. అబద్ధం వెతుక్కోవడం లేదనీ, నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నాడనీ ఆమెకు అర్థమైంది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

“యాదికి లేదు,” అన్నాడు.

ప్రణీత కుర్చీ లాక్కొని కూర్చుంది.

ప్రతాప్ భూమిపూజ చేసిన కొత్త ప్లాట్ల వెంచర్ చౌరస్తా దాటగానే, రోడ్డు పక్కనే ఉంది. కారు అక్కడ ఆగి ఉన్నంతసేపూ ఈ పెట్టె పిలుస్తూనే ఉండి ఉంటుంది. స్తంభం మీది పెట్టె ముందు ఎవరు పిలిస్తే వాళ్ల మాటే వింటుంది. వాళ్లు దూరం పోయేదాకా ఇంకొకరిని పట్టించుకోదు. దాన్ని అలా చేసింది ప్రణీతే. అంబులెన్సు అన్నాక దాటి వెళ్లిపోతుంది కదా అనుకుంది. చౌరస్తా పక్కన కారు ఆపుకొని పూజకు కూర్చునే మనిషి చేతిలో అది పడుతుందని ఆమెకు తోచలేదు.

“ఏందే గట్ల కూసున్నవ్?” అన్నాడు ప్రతాప్.

ఆమె చెప్పబోయేంతలో గేటు చప్పుడైంది.

“అన్నా, నమస్తే.”

గుమ్మం బయట చెప్పులు విడుస్తున్నాడు బాలేష్. అంబులెన్సు డ్రైవర్ల తెల్లచొక్కా లేదు. గళ్ల చొక్కాలో వేరే మనిషిలా కనిపించాడు.

“రా బాలేష్, కూసో. ఇందిరా, చాయ్ తే.”

పిలుస్తూనే ప్రతాప్ పక్కనున్న దినపత్రికను మడిచి బల్ల మీద పెట్టాడు. పెట్టె దాని కింద పోయింది. ఎంత మామూలుగా పెట్టాడంటే, చూడనివాళ్లకు పేపరు చదవడం అయిపోయిందనిపిస్తుంది.

ప్రణీత చూసింది. ఇందిరమ్మ కూడా చూసింది.

బాలేష్ కూర్చోలేదు. “మేడం, దేవేందర్ సారు సాయంత్రం చౌరస్తకు వస్తున్నడట. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ సారు. నన్ను గూడ రమ్మన్నరు. మా మేనేజర్ ఏమంటుండంటె, స్విచ్చు ఏసుడు మర్సిపోయిన అని ఒప్పుకుంటె చిన్న శిక్షతోని పోతదట. లేకుంటె బండి తాళాలు పెట్టి పొమ్మంటుండు.”

“నువ్వేమన్నవ్?” అని అడిగాడు ప్రతాప్.

“ఏసిన అన్న. ఏసిన, తీసిన, మల్ల ఏసిన. వెనకకెల్లి సత్తమ్మ బిడ్డ అశ్రిత అద్దం కొట్టుకుంట అన్నా పోనీ, అన్నా పోనీ అని మొత్తుకుంటాంది. నేను గా లైటు దిక్కే సూస్తున్న. ఎర్రగనే ఉంది. ముందట లారీ ఉంది, వెనక బస్సు ఉంది. ఎటు పోవాలె అన్నా?”

ఇందిరమ్మ చాయ్ తెచ్చి అతని చేతికిచ్చింది. అతను నిలబడే రెండు గుక్కల్లో తాగేశాడు.

“మేడం, మీకైతె తెలుస్తది గద. నేను ఏసిన్నో లేదో.”

ప్రణీతకు తన కళ్లు పేపరు మీదికి పోకుండా ఆపుకోవడమే పని అయింది. “నువ్వు ఏసినవ్ బాలేష్.”

“గంతే చాలు. గా మాట సాయంత్రం సారు ముందట అనుండ్రి.” అతని గొంతు కొంచెం తేలికపడింది. “ఇంకోటి మేడం. పెట్టె తీసేస్తరని అనుకుంటున్నరు. తీయనియ్యకుండ్రి. మొన్న తుర్కపల్లి నుంచి కాన్పుకు తెస్తుంటె బిడ్డ అడ్డం తిరిగిందన్నరు. మనం పోంగనే లైటు పడ్డది. జర ఆలస్యమైతె ఇద్దరు దక్కకపోదురని డాక్టరమ్మ అన్నది. గా ముచ్చట ఎవరు చెప్పుకుంటలేరు.”

ఖాళీ గ్లాసు పెట్టడానికి అతను పేపరు మీదికి చెయ్యి చాపాడు. ఇందిరమ్మ గబగబా ముందుకొచ్చి గ్లాసు అందుకుంది.

“ఇటియ్యి నాయినా,” అంది.

బాలేష్ వెళ్లిపోయాడు. గేటు గొళ్లెం పడిన చప్పుడైంది.

“పాపం మంచోడు,” అన్నాడు ప్రతాప్.

ప్రణీత తండ్రి ముఖంలోకి చూసింది. అతను వెటకారంగా అనలేదు. నిజంగానే జాలిపడుతున్నాడు.

“వాని మీదికి రానియ్య. నువ్వు ఒక పని చెయ్యి. పెట్టె ఖరాబైందని చెప్పు. వాన పడ్డది, నీళ్లు పోయినయి, వైరు కాలిపోయింది, నీకు తోచింది చెప్పు. బాలేష్ తప్పు లేదు, నా తప్పు లేదు. పెట్టెను తీస్కపోయి జైల్ల ఏస్తరా?”

“చౌరస్తలకెల్లి తీసేస్తరు.”

“తీయనీ. ఎలక్షన్లు అయినంక మల్ల పెడ్దువు. నేనే పెట్టిస్త.”

“అప్పటిదాక వచ్చే అంబులెన్సులు?”

“నువ్వు పెట్టె చెయ్యకముందు అంబులెన్సులు దవాఖాన్లకు పోలేదా?”

“పోయినయి. ఎట్ల పోయినయో బాలేష్‌ను అడుగు.”

“ప్రణీతా.” తండ్రి గొంతు తగ్గింది. అరిస్తే ఆమెకు తేలికగా ఉండేది. “పర్మిషన్ కోసం ఎంతమంది ఇంటి ముందట నిలబడ్డనో నీకు తెల్వది. నా బిడ్డ చేసింది అని చెప్పుకుంట తిరిగిన. ఇయ్యాల నా బిడ్డే నన్ను నడిబజార్ల నిలబెడుతదా? నేను కావాల్నని చేసిన్నా?”

“కావాల్నని చెయ్యలే నాయినా. అది నాకు తెలుసు.”

“తెలిస్తె మరి?”

కావాలని చెయ్యలేదు. కానీ చేశాడు. ఆ రెంటికీ మధ్య ఒక మనిషి మంచాన పడి ఉంది.

ప్రతాప్ చెయ్యి కడుక్కొని వచ్చాడు. పేపరును కింద ఉన్నదానితో సహా చుట్టి చంకన పెట్టుకున్నాడు.

“గది నాకిచ్చి పో,” అంది ప్రణీత లేస్తూ.

“సాయంత్రం చౌరస్త కాడ కలుద్దాం,” అన్నాడతను. కారు బయటికి వెళ్లింది.

ఇందిరమ్మ చల్లారిన దోసెను తిరిగి వంటింట్లోకి తీసుకుపోయింది.

*

పదకొండు దాటాక ఇందిరమ్మ చీర మార్చుకొని వచ్చి కూతురి గది ముందు నిలబడింది.

“సత్తమ్మను సూసొస్త. నన్ను తీస్కపో.”

“నువ్వా?”

“ఎందుకు, నేను పోవద్దా? మన పొలంల నాట్లేసిన మనిషి. వరిచేను ఉన్నన్నాళ్లు నా పక్కన కూసొని సద్ది తిన్నది.”

ఇద్దరూ స్కూటీ మీద మేడ్చల్ బయల్దేరారు. ఔటర్ రింగురోడ్డు పక్క దారిలో టిప్పర్ల దుమ్ము లేస్తుంటే ఇందిరమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండో చెయ్యి ప్రణీత భుజాన్ని గట్టిగా పట్టుకొని ఉంది.

సత్తమ్మ కిటికీ పక్క మంచం మీద ఉంది. బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. ఎంత పెద్ద అన్నం గంజునైనా ఒక్కతే దించేదని పేరు. ఇప్పుడు ఆమె కుడి చేతిని ఎవరో ఆమె పక్కన పెట్టి మరిచిపోయినట్టుంది. నోరు ఒక పక్కకు లాగేసింది.

అశ్రిత మంచం కోడు దగ్గర నిలబడి తల్లికి చెంచాతో జావ పోస్తోంది. కొంపల్లిలో బట్టల దుకాణంలో పనిచేసే పిల్ల. తల్లి పడిపోయిన దగ్గర్నుంచి పనికి పోవడం లేదు. ప్రణీతను చూసి పలకరించలేదు. ఇందిరమ్మను చూసి మాత్రం స్టూలు జరిపింది.

“కూసో పెద్దమ్మా.”

ఇందిరమ్మ కూర్చోలేదు. మంచం మీదికి వంగింది. “సత్తమ్మా. నేనే.”

సత్తమ్మ కళ్లు ఆమెను పట్టుకున్నాయి. ఏదో చెప్పాలని చూసింది. గొంతులోంచి అక్షరం కాని చప్పుడు వచ్చింది. మళ్లీ ప్రయత్నించింది. చివరికి ఎడమ చెయ్యెత్తి ఇందిరమ్మ కొంగు పట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో ఆ ముఖంలో తెలియలేదు.

“గుర్తువట్టింది,” అంది అశ్రిత. “నిన్నటికెల్లి ఎవరొచ్చినా కండ్లు మూసుకుంటుండె.”

ఇందిరమ్మ ఆ చేతిని కొంగు నుంచి విడిపించలేదు.

అశ్రిత గిన్నె పక్కన పెట్టి ప్రణీత వైపు తిరిగింది. “అక్కా, డాక్టర్‌ను అడిగిన. జర ముందుగాల వస్తె సూది పనిచేస్తుండెనా అని. చేస్తుండెనేమో, చెయ్యకపోతుండెనేమో అన్నడు. గా ఏమో ఉన్నది సూడు, దాంతోనే పండుకుంటున్న, దాంతోనే లేస్తున్న.”

“అశ్రితా...”

“ఒక్కటే అడుగుత. డ్రైవరన్న స్విచ్చు ఏసిండా లేదా?”

“ఏసిండు.”

“నేను గూడ సూసిన. ఏసిండు. మరి నీ పెట్టె పనిచెయ్యలేదా?”

పనిచేసింది. చెయ్యాల్సినదాని కంటే నమ్మకంగా పనిచేసింది. ఆ మాట ప్రణీత నోటిదాకా వచ్చి ఆగింది. పెట్టె చెడిపోయిందని ఇక్కడే అనెయ్యొచ్చు. ఈ పిల్ల నమ్ముతుంది. తిట్టుకుంటుంది, ఏడుస్తుంది, అక్కడితో ముగుస్తుంది. తండ్రి తన ఇంట్లో ఉంటాడు. బాలేష్ తన బండిలో ఉంటాడు. తూంకుంట చౌరస్తాలో లైటు మునుపటిలాగే తన లెక్కన తాను మారుతుంటుంది, వెనక సైరన్ మోగినా మోగకపోయినా.

“సాయంత్రం చెప్త,” అంది.

“ఇప్పుడెందుకు చెప్పవ్?”

ప్రణీత తల దించుకుంది.

“సరే. చౌరస్తకు నేను గూడ వస్త,” అంది అశ్రిత. “మా చిన్నమ్మను అమ్మ కాడ కూసోబెట్టి వస్త. ఏం చెప్తవో నేను గూడ ఇనాలె.”

*

షామీర్‌పేట దగ్గరపడుతుండగా ఇందిరమ్మ కూతురి భుజం తట్టింది. “బండి ఆపు.”

కంకులు కాల్చే తోపుడుబండి కొద్ది దూరంలో ఉంది. పొగ రోడ్డు మీదికి వస్తోంది. ఇందిరమ్మ దిగి, కంకుల బండి వైపు పోకుండా, కానుగ చెట్టు నీడలో నిలబడింది.

“ఆ రోజు కారుల నేను గూడ ఉన్న.”

“తెలుసమ్మా. పూజకు ఇద్దరు కలిసే పోయిండ్రు గద.”

“గది గాదు చెప్పేది. అల్వాల్‌ల పూలదండలు తీస్కొని వస్తున్నం. చౌరస్త కాడికి వచ్చేసరికి సైరన్ ఇనపడ్డది. అంబులెన్స్ వస్తాంది, జర ఆగుదాం అన్న. మీ నాయిన కిందికి చెయ్యి వెట్టి ఏదో ఒత్తిండు. లైటు పచ్చగైంది. సూసినవా మన బిడ్డ పనితనం, అని నవ్విండు.”

ప్రణీత స్కూటీ హ్యాండిల్ పట్టుకొని అలాగే నిలబడింది.

“నేను గూడ నవ్విన,” అంది ఇందిరమ్మ.

ఒక లారీ వాళ్లను దాటిపోయింది.

“పీటల మీద కూసున్నం. పంతులు మంత్రాలు సదువుతుండు. సైరన్ మోగుతనే ఉంది. గణపతి పూజ అయింది, మోగుతనే ఉంది. కొబ్బరికాయ కొట్టేదాక మోగింది. ఎవరో పాపం అనుకున్న. లేచి సూడలె. పీట మీదికెల్లి నడుమల లేవొద్దంటరు గద. గందుకని కూసున్న.”

“నాకెందుకు చెప్పలేదమ్మా? తప్పు నాదే అనుకొని వారం దినాలు పిచ్చిదాన్ని అయిన. నీ ముందటనే ఏడ్చిన.”

“సూసిన. రోజూ సూసిన. అది సత్తమ్మ అని తెల్సినంక నాకు అనుమానం గట్టిపడ్డది. అడుగుదామంటె నోరు రాలె. అడిగితె మీ నాయిన ఒక దిక్కు, నువ్వు ఒక దిక్కు అయితరు. నడుమ నేనేడ ఉండాలె?”

“పొద్దున బాలేష్ గ్లాసు ఎందుకు గుంజుకున్నవ్?”

ఇందిరమ్మ తన అరచెయ్యి చూసుకుంది. “చెయ్యి దానంతటదే పోయింది బిడ్డా. ఇన్నేండ్లకెల్లి పోయి పోయి అలవాటైంది.”

“సాయంత్రం నువ్వు చౌరస్తకు రా. గిదే చెప్పు.”

“నన్ను అడగకు.” ఆమె స్కూటీ ఎక్కింది. “నువ్వు చెప్పేది నువ్వు చెప్పు. నేను వద్దన. మీ నాయిన ఎదురుంగ నిలబడి మాట్లాడుడు మాత్రం నాతోని గాదు.”

ఇంటిదాకా ఆమె చెయ్యి మళ్లీ కూతురి భుజం మీద పడలేదు.

*

సాయంత్రం చౌరస్తాలో ఇన్‌స్పెక్టర్ దేవేందర్ రోడ్డు పక్కన జీపు ఆపి నిలబడ్డాడు. పక్కన ఇద్దరు కానిస్టేబుళ్లు. కొంచెం అవతల అంబులెన్సు, దాని మేనేజరు. ప్రతాప్ తెల్లచొక్కాలో, తన వెంట తిరిగే నలుగురైదుగురు మనుషుల నడుమ ఉన్నాడు. వెనక విద్యుత్ స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో తండ్రీకూతుళ్లు నవ్వుతున్నారు.

అశ్రిత ఎవరి పక్కనా నిలబడలేదు. రోడ్డు నడుమ డివైడరు మొదట్లో ఒంటరిగా నిలబడింది.

“ముందుగాల పెట్టె పనిచేస్తదో లేదో సూద్దాం,” అన్నాడు దేవేందర్.

బాలేష్ అంబులెన్సును జవహర్‌నగర్ దారిలో దూరం తీసుకుపోయి మళ్లీ తిప్పుకొని వచ్చాడు. సైరన్ వినిపించింది. కరీంనగర్ రోడ్డుకు ఎర్ర లైటు పడింది. లారీలు ఆగాయి. బాలేష్ దారికి పచ్చ లైటు వెలిగింది. అంబులెన్సు ఆగకుండా చౌరస్తా దాటిపోయింది.

గుంపులో ఎవరో మెచ్చుకోలుగా ఏదో అన్నారు. అశ్రిత రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

“మంచిగనే పనిచేస్తాంది గద,” అన్నాడు దేవేందర్. “ఆ రోజు ఏమైంది మరి?”

“డ్రైవర్ స్విచ్చు ఏసుడు మర్సిపోయిండు సార్,” అన్నాడు మేనేజరు.

బండి దిగి వస్తున్న బాలేష్ ప్రణీత వైపు చూశాడు.

“మర్సిపోలేదు సార్,” అంది ప్రణీత. “బాలేష్ స్విచ్చు ఏసిండు. ఆ రోజు పెట్టె గూడ పనిచేసింది. కాకపోతె ఇంకో పెట్టె ముందే లైటు తీసుకొని పెట్టుకుంది. అది చౌరస్త పక్కనే ఉండిపోయింది. దానికి ఇంతసేపే అని హద్దు పెట్టకపోవుడు నా తప్పు. పెట్టి ఉంటె లైటు కొద్దిసేపటికి విడిచిపెడుతుండె. ఆ తప్పు రాసుకోండ్రి.”

“ఇంకో పెట్టె ఎవరి కాడ ఉండె?”

ప్రతాప్ ఫోను చూసుకుంటున్నాడు. తలెత్తలేదు.

“మా నాయిన కాడ.”

అతని చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారి కదిలారు. ఒకడు “ఏం మాట్లాడుతున్నవమ్మా” అన్నాడు. ప్రతాప్ చెయ్యెత్తి వాణ్ని ఆపాడు.

బాలేష్ ప్రణీత దగ్గరికి వచ్చాడు. కోపంగా రాలేదు. “పొద్దున నేను ఇంటికొచ్చినప్పుడు మీకు తెలుసా మేడం?”

“తెలుసు.”

అతను పోయి అంబులెన్సు మెట్టు మీద కూర్చున్నాడు.

“సార్,” అన్నాడు ప్రతాప్ ముందుకొచ్చి. నవ్వు ముఖంతోనే ఉన్నాడు. “బిడ్డ పరేషాన్ల ఉంది. వారమాయె, తిండి లేదు, నిద్ర లేదు. ఎవరిని కాపాడాల్నో, ఎవరిని అనాల్నో దానికి సమజ్ గాక ఏదో అంటాంది. రెండో పెట్టె నా కాడ ఉందంటె, చూపియ్యమనుండ్రి.”

“ఉందా మేడం?”

“పొద్దున ఉండె సార్.”

“ఇప్పుడు?”

ప్రణీత తండ్రి కళ్లలోకి చూసింది. అవి ఆమెను బతిమాలుతున్నాయి, బెదిరిస్తున్నాయి. రెండూ ఒకేసారి.

“ఇప్పుడు నా దగ్గర లేదు.”

దేవేందర్ నిట్టూర్చాడు. “గట్లయితె నేనేం రాసుకోవాలె చెప్పుండ్రి. చూసినోళ్లు ఎవరన్న ఉన్నరా?”

తూంకుంట ఊరు వైపు నుంచి వచ్చిన ఆటో ఒకటి జీపు వెనక ఆగింది. అందులోంచి ఇందిరమ్మ దిగింది. పొద్దున ఆసుపత్రికి కట్టుకున్న చీరే. చెప్పులు వేసుకోవడం కూడా మరిచినట్టుంది. ఒట్టి కాళ్లతో కంకర మీద నడుచుకుంటూ వచ్చి, కూతురి పక్కన కాకుండా, భర్త పక్కన కాకుండా, డివైడరు దగ్గర అశ్రిత పక్కన నిలబడింది.

ప్రతాప్ ముఖంలో నవ్వు పోయింది.

“ఇందిరా,” అన్నాడు. నలుగురి ముందు ఆమెను అంత మెత్తగా అతను ఎన్నడూ పిలవలేదు. “నీకేం పని ఈడ? ఇంటికి పో.”

దేవేందర్ అతన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. “అమ్మా, ఆ రోజు కారుల మీరు గూడ ఉన్నరా?”

లైటు మారింది. ఆగి ఉన్న లారీలు ఒక్కొక్కటే కదిలాయి. ఇందిరమ్మ అవన్నీ దాటిపోయేదాకా ఆగింది.

“ఉన్న సారు,” అంది. “ఏం జరిగిందో చెప్త. చెప్పినంక నేను ఏ ఇంటికి పోవాల్నో, గది గూడ మీరే చెప్పాలె.”